ఆకు పైకి ముడిచిందా, కిందికా?

గుంటూరు వాళ్ళకు మిరప గురించి పుట్టుకతోనే అన్నీ తెలుస్తాయని కూకట్‌పల్లిలో ఒక గట్టి నమ్మకం ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా ఊరు పల్నాడు జిల్లాలోకి వెళ్ళిపోయిందని ఎంత మొత్తుకున్నా మా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ ఒప్పుకోరు. నేను చదివింది టౌన్లో, చేసేది లెక్కల ఉద్యోగం, మిరప చేలోకి దిగింది సంక్రాంతి సెలవుల్లో ఫొటోల కోసం. అవేవీ చెల్లవు. అందుకే మా బాల్కనీలో మిరప చెట్టు ఆకులు ముడుచుకుపోతున్నాయన్న సంగతి పొక్కగానే అది మా ఇంటి విషయం కాకుండా పోయింది. లిఫ్టులో కూడా అదే మాట. గుంటూరాయన ఇంట్లో మిరప చెట్టు చచ్చిపోతోందట!

ఆ మొక్కను ఆటో ట్రాలీలో వీధుల వెంట తిరిగే మొక్కల అబ్బాయి దగ్గర కొన్నాం. "ఒరిజినల్ గుంటూరు సార్, కారం చూస్కోండి" అన్నాడు. వెనకటికి కూరగాయలు కొంటే గుప్పెడు పచ్చిమిరపకాయలు, రెండు కరివేపాకు రెబ్బలు కొసరు వేసేవాళ్ళు. ఇప్పుడా కొసరు పోయింది. పోయిన కొసరును తిరిగి సంపాదించడానికి నేను కుండీ, ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీ కంపోస్టు కొన్నాను. ఎంతయిందని అడక్కండి, ఇంట్లో ఇప్పటికే అడిగారు.

పరామర్శకు మొదట వచ్చింది మూడో అంతస్తు రిటైర్డు బ్యాంకు మేనేజరు గారు. పుల్లమజ్జిగ కొట్టమన్నారు. రెండో అంతస్తు ఆవిడ కోడిగుడ్డు పెంకులు మిక్సీ పట్టి డబ్బాలో తెచ్చిచ్చారు, కాల్షియం తక్కువైందట. మజ్జిగలో ఇంగువ కలిపితే పూత నిలుస్తుందని ఇంకొకరు. వాచ్‌మన్ తన పొయ్యిలో బూడిద తెచ్చి ఆకుల మీద చల్లి, నా వైపు జాలిగా చూసి వెళ్ళాడు. మా ఆవిడ వడకట్టిన టీపొడి వేసింది. ఆ వారమంతా మా ఇంట్లో అందరికంటే బాగా తిన్నది ఆ చెట్టే. ఇంగువ మజ్జిగ నేను అడిగితే మాత్రం "మీకెందుకు, గ్యాస్ ఉందా?" అన్నారు.

ఇక నీళ్ళు. పొద్దున్నే నేను పోసేవాణ్ణి. పదకొండింటికి అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు పోసేది. సాయంత్రం మా ఆవిడ, పాపం ఎండకు వాడిందని. మధ్యలో బాల్కనీ కడిగే పనమ్మాయి, చేతిలోనే ఉంది కదాని ఒక మగ్గు. అడుగాకులు పసుపెక్కాయి. మిరపకు తడి కావాలి గానీ ఊబి పనికిరాదు, వేళ్ళకు గాలాడకపోతే కుళ్ళిపోతాయి. అలా కుళ్ళినప్పుడు ఆకులు వాలిపోతాయి. వాలిన ఆకులు చూసి మనవాళ్ళు ఇంకో చెంబు పోస్తారు. మట్టిలో వేలు గుచ్చి, లోపల పొడిగా తగిలితేనే పోయాలని రూలు పెట్టాను. అప్పట్నుంచి దారిన పోయే ప్రతివాడూ కుండీలో వేలు పెట్టి వెళ్ళేవాడు.

అమ్మ తేల్చింది మాత్రం దిష్టి అని. ఇంతమంది కళ్ళు పడితే చెట్టేమవుతుంది? నిజమే కాబోలు. కానీ మనం దిష్టి తీసేదే మిరపకాయలతో. మిరప చెట్టుకే దిష్టి కొడితే దేంతో తీయాలి? అమ్మకు ఈ ధర్మసందేహం అరనిమిషం కూడా లేదు, రాళ్ళుప్పు అందుకుంది. తీసినంతసేపు ఊరుకున్నాను. ఆ ఉప్పు కుండీలోనే పడేయబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

చివరికి ఊళ్ళో మిరప వేసే బాబాయికి వీడియో కాల్ చేశాను. మజ్జిగ, పెంకులు, బూడిద అంతా చెప్పుకొచ్చాను. ఆయన వినలేదు.

"ఆకు పైకి ముడిచిందా, కిందికి ముడిచిందా?"

ఇంతమంది వైద్యుల్లో ఎవరూ ఈ ముక్క అడగలేదు. నేను ఫోను చెట్టు చుట్టూ తిప్పాను.

"ఒరేయ్, ముందు ఫోను తిన్నగా పట్టుకో. ఆకాశం కింద కనపడతా ఉంది."

ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే తామర పురుగు, దాన్ని పై ముడత అంటారు. అంచులు కిందికి వంగి కాడ సన్నగా సాగితే నల్లి, అది కింది ముడత. ఆకులు చిన్నవైపోయి గుబురుగా వచ్చి చెట్టు గిడసబారిందంటే బొబ్బర, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి మందు లేదు, పీకెయ్యడమే. పీకెయ్యడమన్న మాట వినగానే మా ఆవిడ కుండీకి అడ్డంగా నిలబడింది.

మాది పై ముడత. తెల్లకాగితం కింద పెట్టి కొమ్మ తట్టమన్నాడు. తట్టాను. మిల్లీమీటరుంటాయేమో, ఏవో కదిలాయి.

"నల్లగా ఉన్నాయా?" బాబాయి గొంతు మారింది.

2021-22లో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు, ప్రకాశం, ఖమ్మం వైపు తోటల్ని ఊడ్చేసింది. పూలలో దూరి పూత మాడ్చేస్తుంటే ఏ మందుకూ లొంగలేదు, కాపు మీదున్న చేలు పీకేసినవాళ్ళున్నారు. ఆయనకా ఏడు గుర్తొచ్చిందని నాకు తెలుసు. ఒక్క కుండీకి ఇంత గోల చేస్తున్నందుకు కాస్త మొహమాటంగానే, "పచ్చగా ఉన్నాయి బాబాయ్" అన్నాను.

"బతికిపోయావ్. ఆ ఎనకాల తెల్లపెట్టె ఏందిరా?"

ఏసీ అవుట్‌డోర్ యూనిట్.

"పురుక్కి వేడిగాలి నువ్వే ఇసురుతా, తెగులంటావేందిరా!"

ఎండ 35 డిగ్రీలు దాటితేనే మిరప పూత రాల్చేస్తుంది. మేం దానికి ఏప్రిల్లో, పడమటి బాల్కనీలో, ఏసీ వదిలే సెగ కూడా పెట్టాం. అమెరికా ఖండాల్లో పుట్టి, పోర్చుగీసు ఓడలెక్కి సముద్రాలు దాటొచ్చిన జాతి ఇది. ఒకటిన్నర టన్నుల ఏసీ ముందు చేతులెత్తేసింది.

కుండీ పొద్దుటెండ తగిలే మూలకు మారింది. లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త సబ్బునీళ్ళు, అదీ ఎండ తగ్గాక, ఆకుల అడుగున తడిసేలా. పక్కన పుల్లకు నీలిరంగు జిగురు అట్ట. ఆ రంగంటే తామర పురుగులకు మోజట. రెండో అంతస్తు ఆవిడకు మాత్రం అది దిష్టి కోసమేనని అమ్మ చెప్పింది.

ముడిచిన ఆకులు మళ్ళీ విప్పుకోలేదు, అవి విప్పుకోవు. కొత్త చిగుళ్ళు మాత్రం చక్కగా, తిన్నగా వచ్చాయి. పూత నిలిచింది. కాయలు దిగాయి, మామూలు కాయలా? లావుగా, బారుగా, లేత ఆకుపచ్చ రంగులో, ఒక్కొక్కటి జానెడు. మేనేజరు గారు చూసి మజ్జిగ బలం అన్నారు. ఆవిడ కాల్షియం అన్నారు. వాచ్‌మన్ ఏమీ అనలేదు గానీ వచ్చినవాళ్ళందరికీ బూడిద సంగతి చెప్పేవాడు. అమ్మ ఉప్పు డబ్బా వైపు చూసింది.

నేను గర్వంగా బాబాయికి వీడియో కాల్ చేశాను, ఈసారి ఫోను తిన్నగా పట్టుకుని. ఆయన కాయను అటు చూశాడు, ఇటు చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"ఒరే అబ్బాయ్, ఇంట్లో శనగపిండి ఉందా?"

"ఎందుకు బాబాయ్, దానిక్కూడా మందేనా?"

"అయి బజ్జీ మిరపకాయల్రా."