ఎక్స్ఛేంజ్‌కి వెళ్లి ఎవరితోనూ కలవకుండా తిరిగి రావడం ఎలా?

ఈ మధ్య ఏ యూనివర్సిటీ నోటీసు బోర్డు చూసినా ‘సెమిస్టర్ ఎక్స్ఛేంజ్’ అన్న మాట కనిపిస్తోంది. ఫీజు ఇక్కడే కట్టుకోవచ్చు, చదువు అక్కడ, క్రెడిట్లు ఇక్కడికి వచ్చేస్తాయి, ఐదారు నెలల్లో మనమూ వచ్చేస్తాం. వినడానికి బాగానే ఉంది. కానీ ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఏమరుపాటుగా ఉంటే అక్కడి మనుషులతో పరిచయం అయిపోవచ్చు. ఆ గండం గడిచి, వెళ్లినవాళ్లు వెళ్లినట్టే క్షేమంగా తిరిగి రావాలనుకునేవాళ్ల కోసం ఈ సలహాలు. జర్మనీ నాకు కాస్త తెలిసిన దేశం కాబట్టి ఉదాహరణకి దాన్నే తీసుకున్నాను. మిగతా దేశాలకి వెళ్లేవాళ్లు ఊళ్ల పేర్లు మార్చుకుంటే చాలు.

ముందు ఇంట్లో చెప్పాలి. వీసా ఇంటర్వ్యూ దీని ముందు బలాదూరు. మన ఇళ్లలో విదేశీ చదువంటే ఎమ్మెస్. ఎమ్మెస్ అంటే లోను, లోనంటే ఉద్యోగం, ఉద్యోగం అంటే సంబంధం. ఈ వరసలో తిరిగి రావడం అనే మెట్టు ఎక్కడా లేదు.

“ఏరా, ఎమ్మెస్‌కేనా?” అంటాడు పెదనాన్న.

“కాదు పెదనాన్నా, ఎక్స్ఛేంజ్. ఒక సెమిస్టర్ చదువుకుని వచ్చేస్తా.”

“వచ్చేస్తావా? వచ్చేసే మాటైతే వెళ్లడం దేనికిరా?”

ఈలోగా వంటింట్లో పిన్ని గొంతు తగ్గించి అమ్మని అడుగుతూ ఉంటుంది, “ఏమైందక్కా, వీసా గానీ పూర్తిగా ఇవ్వలేదా?” అని. వీళ్లకి వివరించే ప్రయత్నం చేయకండి. “ప్రస్తుతానికి ఒక సెమిస్టర్” అనండి, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి కోరుకోండి. వీసా వచ్చాక 108 చెయ్యాలి. ఐదు నెలల వీసా కదా అని అందులో తగ్గింపేమీ ఉండదు.

స్కాలర్‌షిప్ లేకపోతే, మీరు తమ దేశంలో పస్తులుండరని జర్మనీ వాళ్లకి రుజువు చూపించాలి. సాధారణంగా బ్లాక్డ్ అకౌంట్‌లో నెలకి 992 యూరోల లెక్కన ముందే వేస్తారు. అక్కడ దిగాక అది నెలనెలా విడుదలవుతుంది. నాన్న పంపిన డబ్బే ఒకటో తారీఖున జీతంలా పడుతుంటే, మనమే సంపాదిస్తున్నామన్న భ్రమ కలుగుతుంది. దాన్ని చెడగొట్టుకోకండి.

సామాను 23 కిలోలు. అందులో 19 కిలోలు పచ్చళ్లు, పొడులు, కుక్కరు. చలికోటు పెట్టెలో పట్టదు కనక దాన్ని ఒంటి మీద వేసుకుని, సెప్టెంబరు ఉక్కలో శంషాబాద్ దాకా వెళ్లాలి. పాలతో చేసిన సరుకేదీ యూరప్‌లోకి తీసుకురాకూడదని నిబంధన ఉంది. నెయ్యి సీసా సర్దుతున్న అమ్మకి ఈ మాట చెప్పి చూడండి.

దిగిన క్షణం నుంచీ ప్రతి ధరనీ రూపాయల్లోకి మార్చాలి. ఇదివరకు యూరో ఎనభై, ఎనభై అయిదు అంటూ ఊగుతున్న రోజుల్లో దీనికి గుణకారం వచ్చి ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు వందకి అటూ ఇటూగా ఉంది కాబట్టి రెండు సున్నాలు తగిలిస్తే సరి. రూపాయి దిగజారడం వల్ల విద్యార్థిలోకానికి ఒరిగిన మేలు ఇదొక్కటే. కాఫీ మూడున్నర యూరోలంటే మూడు వందల యాభై! ఆ డబ్బుతో మన వీధి చివర ఎన్ని టీలొస్తాయో లెక్క వేసుకుంటూ మంచినీళ్లు తాగండి. ఈ లెక్క వల్ల అసలు లాభం ఎక్కడంటే, క్లాసు అయ్యాక ఎవరో ఒకరు “కాఫీకి వస్తావా?” అని అడిగినప్పుడు. అప్రయత్నంగా “వద్దులే, ఇప్పుడే తాగాను” అని మన నోట వచ్చేస్తుంది. మన ఊళ్లో ఈ మాటకి అర్థం వేరు. ఇంకో రెండుసార్లు బతిమాలితే వస్తానని. ఎదుటివాళ్లూ ఆ లెక్క తెలిసినవాళ్లే కనక చెయ్యి పట్టుకుని లాక్కుపోతారు. జర్మన్ పిల్లవాడు వద్దంటే వద్దనే అనుకుంటాడు, “సరే, రేపు కలుద్దాం” అని వెళ్లిపోతాడు. రెండోసారి పిలవడు, మూడోసారి అసలే పిలవడు. అందులో అతని తప్పేమీ లేదు, మీ మాటని గౌరవించాడంతే. మనం మాత్రం ఆ రాత్రి గదిలో కూర్చుని, ఒక్కసారైనా గట్టిగా అడగలేదే అని చిన్నబుచ్చుకోవాలి.

ఖాళీ సీసాలు పారేయకండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాకీ డబ్బాకీ 25 సెంట్లు తిరిగిస్తారు. సూపర్ మార్కెట్‌లో యంత్రం నోట్లో సీసా పెడుతూ ఇంటికి వీడియో కాల్ చేయండి. జర్మనీ గురించి మీరు లోతుగా తెలుసుకున్నది ఇదొక్కటే అయ్యేలా జాగ్రత్తపడండి.

క్లాసు పది గంటలకని వేసి పక్కన ‘సి.టి.’ అని ఉంటే పదింబావుకి మొదలవుతుందని అర్థం. మనం ఎలాగూ అప్పుడే వెళ్తాం.

మొదటి రోజే తెలుగు వాట్సాప్ గ్రూపులో చేరాలి. ఈ మాట వ్యంగ్యంగా అనాలనుకున్నాను గానీ పూర్తిగా అనలేకపోతున్నాను. అర్ధరాత్రి స్టేషన్లో దిగితే పెట్టె మోయడానికి వచ్చేది ఆ గ్రూపులోని ఎవరో ముక్కూమొహం తెలియని అన్నే. ఇల్లు మారిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలని చెప్పేది, గదిలో టీవీ లేకపోయినా ఇంటికి నెలకి 18.36 యూరోల ప్రసార రుసుము కట్టమని ఉత్తరం వస్తే కంగారుపడొద్దనేదీ వాళ్లే. చిక్కల్లా ఆ తర్వాతే. మొదటి వారం ఊతకర్రగా పట్టుకున్న గ్రూపు ఐదో వారానికి ఇల్లయిపోతుంది, ఇక బయటికి రాబుద్ధి కాదు.

మీరుండే హాస్టల్లో ఒక వంటగది కూడా ఉంటుంది. అంతస్తు మొత్తానికి ఒకటే. ఫ్రిజ్‌లో ఒక్కొక్కరికీ ఒక్కో అర, గోడ మీద ఎవరి వంతు ఎప్పుడో చెప్పే శుభ్రం చేసే పట్టిక. ఒక సాయంత్రం మనవాడు పప్పుకి పోపు పెడతాడు. ఆవాలు చిటపటమంటాయి, ఎండుమిరపకాయ నల్లబడుతుంది, కారిడార్ చివరి గదిలోంచి దగ్గు వినిపిస్తుంది. ఎవరో అమ్మాయి వచ్చి, ఒక్క మాటా అనకుండా, జనవరి చలిలో రెండు కిటికీలూ బార్లా తెరిచి వెళ్లిపోతుంది. మనవాడి మొహం మాడిపోతుంది. నిజానికి పోపు ఉన్నా లేకపోయినా, ఎంత చలైనా, రోజూ కాసేపు కిటికీలు తెరిచి గాలి మార్చడం అక్కడి ఇళ్లలో నియమం. కొన్ని అద్దె ఒప్పందాల్లో రాసి కూడా ఉంటుంది. ఆ అమ్మాయిని అడిగితే చెప్పేది. అడగొద్దు. గ్రూపులో ‘రేసిజం’ అని ఒక్క మాట రాసి పడేయండి, నిమిషాల్లో కోపం బొమ్మలు వరసకడతాయి. వివక్ష అక్కడ లేదని నేననను. ఉంది, ఎదురవుతుంది కూడా. అది నిజంగా ఎదురైన రోజున చెప్పుకోవడానికి ఆ మాటని కాస్త దాచుకుంటే బాగుండును.

తిండి మీద ఫిర్యాదు చేయడానికి మాత్రం సిగ్గుపడనక్కర్లేదు. పెద్దల ఆశీర్వాదం ఉంది. యూరప్‌లో ఈ మార్పిడి చదువులకి పెట్టిన పేరు ఎరాస్మస్. 1987లో 11 దేశాలు, 3,244 మంది విద్యార్థులతో మొదలైన పథకం అది. ఇప్పుడు దాని కింద మన పిల్లలూ వెళ్తున్నారు. ఆ పేరు గల పండితుడు 1495లో చదువుకోవడానికి పారిస్ వెళ్లి, హాస్టల్లో కుళ్లిన గుడ్లు పెట్టారని జన్మంతా మర్చిపోలేదు. జర్మనీ సత్రాల్లో పలకరించే దిక్కుండదనీ, అందర్నీ ఒకే వేడి గదిలో కుక్కి చెమటలు పట్టిస్తారనీ వెక్కిరిస్తూ ఒక సంభాషణ కూడా రాశాడు. ఎక్స్ఛేంజ్ విద్యార్థుల కులదైవమే ఇలా ఉంటే, యూనివర్సిటీ క్యాంటీన్ ‘మెన్సా’లో ఉడకబెట్టిన బంగాళాదుంప మీద మీరు నాలుగు మాటలంటే తప్పేముంది?

శుక్రవారం సాయంత్రం అయిందంటే ఊళ్లో ఉండకూడదు. ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్, వారానికొకటి. పారిస్‌లో ఐఫిల్ టవర్‌ని వేళ్ల మధ్య పట్టుకున్నట్టు ఫోటో తీసుకోవాలి, లేకపోతే అది పడిపోతుంది. మీరు చదివే ఊళ్లో ఏముందో మాత్రం తెలియకూడదు. గోటింగెన్‌లో డాక్టరేట్ పూర్తిచేసినవాళ్లు నడిబజారులోని ఫౌంటెన్ ఎక్కి, బాతుల్ని పట్టుకున్న పిల్ల విగ్రహానికి ముద్దుపెట్టి దిగుతారు, స్నేహితులు కింద చప్పట్లు కొడుతుంటారు. ఆ ఊళ్లో ఆరు నెలలుండి అదేమిటో తెలియకుండా వచ్చినవాళ్లు మనలో ఉన్నారు. ఆ సమయానికి వాళ్లు బుడాపెస్ట్‌లో ఉన్నారు.

ఈ తిరుగుడంతా అసలు ఆదివారం నుంచి పారిపోవడానికే అని నా అనుమానం. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. వీధిలో మనిషి అలికిడి ఉండదు. గోల చేయకూడదు, డ్రిల్లు పెట్టకూడదు. మన ఆదివారాలకి అలవాటుపడ్డ ప్రాణం ఆ నిశ్శబ్దానికి తట్టుకోలేదు. ఇంటికి ఫోన్ చేస్తే అక్కడ రాత్రి తొమ్మిది, అందరూ భోజనాలకి కూర్చుంటూ ఉంటారు. “బాగున్నావా?” అంటే “సూపర్‌గా ఉన్నా” అనే అంటాం. ఆ ఒక్క ఆదివారం ఎవరి తలుపైనా తడితే ఏమయ్యేదో తెలీదు. తట్టడం కంటే బుడాపెస్ట్ బస్సు ఎక్కడం తేలిక.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన సలహా. మనం అటు వెళ్లినట్టే వాళ్లూ ఇటు వస్తారన్న సంగతిని పొరపాటున కూడా గుర్తు చేసుకోవద్దు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ‘స్టడీ ఇన్ ఇండియా ప్రోగ్రామ్’ 1998లోనే మొదలైంది. అలా వచ్చినవాళ్లకి క్యాంపస్‌లో టాగోర్ ఇంటర్నేషనల్ హౌస్ అని విడిగా బస కూడా ఉంది. అక్కడనే కాదు, విదేశీ విద్యార్థులు వచ్చే ఏ క్యాంపస్‌లోనైనా మనం చేసేది ఒకటే. మొదటివారం అలా వచ్చిన అమ్మాయితో సెల్ఫీ దిగుతాం. “ఇండియా నచ్చిందా? కారం ఎక్కువైందా?” అని అడుగుతాం. ఫెస్ట్ రోజున ఆ అమ్మాయికి చీర కట్టించి, ముందు వరసలో కూర్చోబెట్టి, మర్నాడు పేపర్లో ఫోటో వేయిస్తాం. ఆ తర్వాత క్యాంటీన్‌లో ఆమె ఒక్కతే మూలబల్ల దగ్గర దోసె తింటూ ఉంటుంది. పక్క బల్ల దగ్గర మనం ఎనిమిది మందిమి ఐదు కుర్చీల్లో సర్దుకుని, నిన్న రాత్రి చూసిన సినిమాని తెలుగులో చీల్చి చెండాడుతూ ఉంటాం. సంక్రాంతికి హాస్టళ్లు ఖాళీ అవుతాయి. “నువ్వెక్కడికి వెళ్తున్నావు?” అని ఆమెని అడిగినవాళ్లు ఉండరు. మనకి ఆమె మీద కోపమా అంటే అదీ లేదు, చూస్తే ముచ్చటే. ఇంగ్లీషులో తప్పులొస్తాయన్న బెరుకు కొంత, మా ఊళ్లో బాత్రూం బాగుండదన్న మొహమాటం కొంత, నాయనమ్మ ఏ కులమని అడుగుతుందేమోనన్న భయం కొంత. ఇంతలో సెమిస్టర్ అయిపోతుంది, ఆమె పెట్టె సర్దుకుని వెళ్లిపోతుంది. ఆమెది ఏ ఊరో కూడా మనకి తెలీదు.

ఆ తర్వాతి ఏడాది మనం వాళ్ల దేశం వెళ్తాం. మూడో వారానికల్లా ఇంటికి ఫోన్ చేసి, “వీళ్లు కలవరమ్మా, అంటీముట్టనట్టుంటారు” అంటాం. మెన్సాలో ట్రే పట్టుకుని మూలబల్ల వెతుక్కుంటాం. పక్క బల్ల దగ్గర ఎనిమిది మంది జర్మన్‌లో పగలబడి నవ్వుతుంటే, మనల్ని చూసే నవ్వుతున్నారనిపిస్తుంది. బహుశా నిన్న రాత్రి చూసిన సినిమా గురించి అయ్యుంటుంది. ఈ రెండు బల్లల గురించి ఒకేసారి ఆలోచించడం మొదలుపెట్టారంటే మీ సెమిస్టర్ పాడైపోతుంది. ఆ జోలికి పోకుండా, శనివారం బిర్యానీ ఎవరి గదిలోనో గ్రూపులో కనుక్కోండి.

తిరిగొచ్చాక ఏడాది పాటు ప్రతి మాటా “అక్కడైతేనా” అని మొదలుపెట్టాలి. జర్మన్ రైళ్లు ఆలస్యంగా నడుస్తాయన్న సంగతి మాత్రం బయటికి పొక్కనివ్వొద్దు.

మిగిలింది మార్కులు. జర్మనీలో 1.0 అంటే అందరికంటే మిన్న, 4.0 అయితే గట్టెక్కినట్టు, 5.0 అంటే తప్పినట్టు. అక్కడి సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు. వాటిని మన క్రెడిట్లుగా ఎలా మార్చాలో వెళ్లేముందే కాగితం మీద రాసి సంతకాలు పెట్టిస్తారు. దాని కాపీ మీ దగ్గర ఉంచుకోవద్దు. అక్కడ క్లాసులు అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరిలో ముగుస్తాయి, ఆపైన పరీక్షలు, ఆపైన దిద్దుబాటు. ట్రాన్స్‌క్రిప్ట్ వచ్చేసరికి ఇక్కడ తర్వాతి సెమిస్టర్ సగానికి పైగా అయిపోయి ఉంటుంది. దాన్ని తీసుకుని మీ కాలేజీ పరీక్షల విభాగానికి వెళ్లండి. కిటికీ అవతలున్నాయన కళ్లజోడు సవరించుకుని, ఒక అంకె మీద వేలు పెట్టి, “ఏమ్మా, పదికి 1.3 ఏంటి?” అంటారు. అది చాలా మంచి మార్కని మీరు చెప్పబోయేలోగానే సప్లిమెంటరీ ఫారం ఇవతలికి తోసి, శుక్రవారం లాస్ట్ డేట్ అని గుర్తుచేస్తారు.