నేను కలువాయి తోపుడుబండిని

నేను తోపుడుబండిని. నాలుగు సైకిల్ చక్రాలు, రెండు ఇనుప ఇరుసులు, పైన వేపచెక్క పలకలు. ఇంతే నా ఒళ్లు. మాది నెల్లూరు సీమలోని కలువాయి. పడమర చూస్తే వెలికొండలు, ఉత్తరానికి పోతే పెన్నానది, మధ్యలో నిమ్మతోటలు. ఏడాది పొడుగునా నా మీద నిమ్మకాయలు, వంకాయలు, టమాటాలు ఊరి వీధుల్లో తిరుగుతాయి. ఆగస్టు వచ్చిందంటే మాత్రం నా పని మారుతుంది. నన్ను శుభ్రంగా కడిగి, ఇరుసులకు గ్రీజు పెట్టి, నాలుగు మూలలా కర్రలు నిలబెట్టి పందిరి వేస్తారు. ఆ పందిరి కింద, ఆరోగ్యమాత అని మేం పిలుచుకునే మరియమాత స్వరూపాన్ని నిలుపుతారు. తమిళనాడులోని వేళాంగణికి కాలినడకన పోయే మా జట్టుకు తేరునూ నేనే, సామాన్ల బండినీ నేనే.

మా వాళ్లు ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగనాడు, పూజ చూసుకుని బయల్దేరతారు. పెన్న అవతల ఆత్మకూరు నుంచి, ఉదయగిరి వైపు నుంచి కొందరు ముందురోజే వచ్చి కలుస్తారు. అందరివీ కాషాయం బట్టలే, అందరి మెడలోనూ జపమాలే. ఒకరికి బిడ్డ కావాలి. ఒకరికి మంచంలో ఉన్న తండ్రి లేచి తిరగాలి. గల్ఫ్‌కు పోయిన కొడుకు క్షేమంగా తిరిగొస్తే చాలని ఇంకొకరి మొక్కు. ఆ మొక్కులతోపాటు బియ్యం మూట, గిన్నెలు, చాపలు, మందుల డబ్బా, నీళ్ల క్యాన్లు నా మీదికి ఎక్కుతాయి.

రాపూరు మీదుగా గూడూరు చేరి జాతీయ రహదారి ఎక్కుతాం. రాపూరు దగ్గరే కండలేరు జలాశయం. అక్కడి నుంచి తెలుగుగంగ నీళ్లు తమిళనాడులోని పూండికి, చెన్నై దాహం తీర్చడానికి పోతాయి. మేమూ ఆ దిక్కుకే పోతాం. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటితే తమిళ సీమ. చెన్నై బీసెంట్ నగర్‌లో 1972లో కట్టిన వేళాంగణి మాత గుడి ఉంది. అక్కడ ఒక రాత్రి నిద్ర. ఆ తర్వాత సముద్రం వెంబడి మహాబలిపురం, మరక్కాణం ఉప్పుమళ్లు, పుదుచ్చేరి, కడలూరు, చిదంబరం, కొళ్ళిడం వంతెన, తరంగంబాడి, కారైకాల్, నాగూరు, చివరికి వేళాంగణి. మొత్తం 500 కిలోమీటర్ల పైమాటే.

తెల్లవారుజామున లేచి ఎండెక్కేదాకా, మళ్లీ పొద్దువాలాక రాత్రి దాకా నడక. మధ్యాహ్నం ఏ చెట్టు కిందో, బడి వరండాలోనో పడక. అరికాళ్లలో బొబ్బలు లేస్తే సూదికి దారం ఎక్కించి, సూదిని మంటమీద కాల్చి, బొబ్బలో గుచ్చి నీళ్లు పిండేస్తారు. ఆపైన కొబ్బరినూనె రాసి మళ్లీ లేస్తారు. మా జట్టులో ఒక అవ్వ ఉండేది. కడలూరు దాటేసరికి ఆమె పాదాలు పొంగిపోయాయి. మూటలు సర్ది చోటు చేసి, "ఎక్కి కూర్చో అవ్వా, మేం తోస్తాంలే" అన్నారు కుర్రాళ్లు. "నడిచొస్తానని మొక్కుకున్నా నాయనా. బండెక్కితే ఆ మొక్కు బండికి పోతుంది గానీ నాకు రాదు" అంది. నా పక్కపలక పట్టుకుని, ఆ చేతిమీదే బరువు మోపి, మంగళవార్త జపం చెప్పుకుంటూ చివరిదాకా నడిచింది. ఆమె వేళ్లు బిగుసుకున్నప్పుడల్లా ఆమెకు ఎంత నొప్పిగా ఉందో నాకు తెలిసేది.

దారిలో మమ్మల్ని ఆదుకునేవాళ్లలో క్రైస్తవులు కానివాళ్లే ఎక్కువ. మరక్కాణం దగ్గర నా చక్రం బేరింగు అరిగిపోతే, నుదుట విభూతి పెట్టుకున్న సైకిల్ షాపాయన రాత్రి దీపం వెలుగులో కొత్తది వేశాడు. డబ్బిస్తే చేతులు వెనక్కి పెట్టుకుని, మాత ముందు తన పేరున ఒక కొవ్వొత్తి వెలిగించమన్నాడు. నాగూరు దర్గా వీధిలో ముస్లిం తల్లులు బిందెలతో మంచినీళ్లు తెచ్చి పోశారు. మొక్కు ఒకరిదే అయినా దాన్ని తీర్చేది ఇంతమంది చేతులు.

వేళాంగణి గురించి తరతరాలుగా చెప్పుకునే కథల్లో నా మనసుకు దగ్గరైనది మజ్జిగ పిల్లవాడిది. కుంటివాడు, మర్రిచెట్టు కింద మజ్జిగ అమ్ముకునేవాడు. నా యజమానిలాగే దారి పక్క బతుకు. బిడ్డనెత్తుకున్న తల్లి వచ్చి మజ్జిగ అడిగి, నాగపట్నంలోని ఒక పెద్దమనిషికి కబురు చెప్పి రమ్మందట. లేచి చూసుకుంటే కాలు బాగుంది, పరుగెత్తాడు. అంటే ఈ దారిలో మొదట నడిచినవాడు నడవలేనివాడే. తుఫానులో చిక్కిన పోర్చుగీసు నావికులు ఒడ్డుకు చేరింది సెప్టెంబర్ 8న అని మరో కథ. ఆనాడే మరియమాత పుట్టినరోజు పండుగ. అందుకే ఆగస్టు 29న జెండా ఎక్కించి సెప్టెంబర్ 8 దాకా ఉత్సవాలు చేస్తారు. 1962లో పోప్ 23వ జాన్ వేళాంగణి గుడికి బసిలికా హోదా ఇచ్చారు. 2004 డిసెంబర్ 26న సునామీ ఇక్కడి తీరంలో ఎందరో యాత్రికుల్ని మింగింది. ఆ దుఃఖాన్ని దిగమింగుకుని కూడా జనం రావడం మానలేదు.

సెప్టెంబర్ మొదటి వారంలో మేం చేరతాం. ఇసుకదారిలో కొందరు మోకాళ్లమీద నడుస్తారు. కొందరు తలనీలాలు ఇస్తారు. బిడ్డ కోసం మొక్కుకున్నవాళ్లు చిన్న ఊయల కడతారు. తెలుగులో పూజ జరిగే వేళకు మా వాళ్లు ముందువరసలో ఉంటారు.

ఇంత దూరం తిరిగిన బండిగా ఒక్కమాట చెప్పాలి. ఒక తెల్లవారుజామున ఒక లారీ నా వెనకచక్రాన్ని గీరుకుంటూ పోయింది. రిమ్ము వంగింది, పందిరి కూలింది. మనుషులు తప్పుకున్నారు కాబట్టి బతికారు. అందరికీ ఆ అదృష్టం ఉండదు. నడిచిపోయే భక్తులు వాహనాల కింద పడ్డారన్న వార్తలు మళ్లీమళ్లీ వింటూనే ఉన్నాం. ఆ లారీ గీరినప్పటినుంచి నా వెనక ఎర్రగా మెరిసే రిఫ్లెక్టర్ పట్టీ, చిన్న లైటు ఉంటున్నాయి. యాత్రకు పోయే జట్లన్నీ అవి పెట్టుకోవాలి. బట్టలమీద మెరిసే పట్టీలు వేసుకుని, ఎదురొచ్చే బండ్లు కనబడేలా రోడ్డుకు కుడివైపున వరసగా నడవాలి. డ్రైవర్ అన్నలారా, చీకట్లో కాషాయం బట్టలు కనబడితే కాస్త వేగం తగ్గించండి. మేరీమాత దగ్గరికైనా, తిరుమలకైనా, శబరిమలకైనా నడిచేవాళ్లంతా ఎవరో ఒకరి ఇంటి మనుషులే. వాళ్లు క్షేమంగా ఇల్లు చేరితేనే మొక్కు పూర్తిగా తీరినట్టు.