రిటైరయ్యారా? కెమెరా కొన్నారా?

సూర్యాపేటలో ఇప్పుడు శాలువా కప్పించుకున్న మరుక్షణం సారు హెడ్మాస్టరు కాదు, వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్. కోదాడలోనూ అదే వరస. మిర్యాలగూడలో అయితే వీడ్కోలు సభ కార్డులు అచ్చుకు పోకముందే మిర్రర్‌లెస్సా, డీఎస్‌ఎల్‌ఆరా అన్నది తేలిపోవాలి. సెకండ్ ఇన్నింగ్స్ అట!

సరే, ఆడండి. 45 మెగాపిక్సెళ్లకు తగ్గితే కొంగ ఈకలు విడివిడిగా కనపడవని యూట్యూబ్ కుర్రాడు చెప్పాడు కాబట్టి అదే కొనండి. తెల్లారకముందే చెరువుకట్ట మీద బోర్లా పడుకుని కొంగను తీయండి. తీసిన కొంగ ఎక్కడికి పోతుంది? నెత్తిన 'శుభోదయం మిత్రులారా' అని రాయించుకుని వాట్సాప్ గ్రూపులోకి. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని పొడవు వైపు 1,600 పిక్సెళ్లకు కుదిస్తుంది. అంటే రెండు మెగాపిక్సెళ్లు కూడా కాదు. మిగతా 43 ఏ గంగలో కలిశాయి? వాటికీ 18 శాతం జీఎస్టీ కట్టారు కదా!

అంతటితో అయిపోతే బాగుండు. గ్రూపులో ఇంకో సారు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఫోన్ ముక్కు దాకా తెచ్చుకుని, "వెనకాల బ్లర్ చాలలేదు, లెన్స్ మార్చండి" అంటారు. మారుస్తారు. 200-600 వస్తుంది. ఒక్క లెన్సే రెండు కిలోల పైమాట. సర్వైకల్ కాలర్ వేసుకున్న మెడకే కెమెరా బెల్టు కూడా.

మళ్లీ అదే కొంగ. మళ్లీ అదే 1,600. హెచ్‌డీలో పంపండి సారూ అంటే, డేటా అయిపోతుందట!

పిల్లలమర్రి ఎరకేశ్వరాలయం 1208 నాటిది, సూర్యాపేట పక్కనే. అటు ఎవరూ పోరు. అది ఎగరదు కదా. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోటికి పోతారు గానీ, అక్కడా కొంగే.

ఎకసెక్కాలు చాలు. ఇదంతా ఏ డబ్బుతో? 2021లో రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్ వయసు 61కి పెంచారు. మూడేళ్లు ఆగిన రిటైర్మెంట్లు 2024 మార్చిలో మళ్లీ మొదలయ్యాయి. ఆనాటి నుంచి గ్రాట్యుటీ కోసం, కమ్యుటేషన్ కోసం, ఆఖరికి తాము దాచుకున్న జీపీఎఫ్ కోసం కూడా పెద్దవాళ్లు ధర్నాచౌక్‌లో ఎండకు కూర్చున్నారు, హైకోర్టు మెట్లెక్కారు. జీతంలో నెలనెలా కోసుకున్న సొమ్ము అది! దాన్ని అడుక్కోవాల్సి రావడం ఏం పాలన? ఈ సంగతి తెలిసి కూడా 'సున్నా వడ్డీ, 24 నెలలు' అంటూ సారు ముందు కాగితం పెట్టి సంతకం చేయించుకునే కొట్టువాడిది ఏం వ్యాపారం? సర్కారు వాయిదా వేస్తుంది, కొట్టువాడు వాయిదా వసూలు చేస్తాడు. నెల తిరిగేసరికి పెన్షన్‌లోంచి కోత.

"ఏ కెమెరా కొనమంటారు?" అని నాకు ఇంకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. "ట్రెజరీలో మీ బిల్లుకు టోకెన్ పడిందా సారూ?" అని అడుగుతున్నాను. కోపమొచ్చి పెట్టేస్తున్నారు.