తాళంచెవి లేని బండిని

నన్ను స్టార్ట్ చేయడానికి తాళంచెవి అక్కర్లేదు. డాష్‌బోర్డు మీది మీట తిప్పి, స్టార్టర్ బొత్తాం నొక్కితే చాలు. యుద్ధంలో తాళంచెవి ఎవరి జేబులో ఉందో వెతుక్కునే తీరిక ఎవరికుంటుంది? ఇప్పటి నా యజమాని మాత్రం రాత్రిపూట స్టీరింగుకు గొలుసు చుట్టి తాళం వేస్తాడు. సైన్యానికి లేని భయం సంసారికి ఉంది మరి.

నా పేరు ఎం35ఎ2. అమెరికావాళ్లు ముద్దుగా ‘డ్యూస్ అండ్ ఎ హాఫ్’ అంటారు, రెండున్నర టన్నుల బండి అని. ఆ రెండున్నరా బురదలో, గతుకుల్లో మోసే లెక్క. మంచి రోడ్డయితే రెట్టింపు మోస్తాను. మా వంశంలో మొదటివాళ్లను 1950 ప్రాంతంలో మిషిగన్ రాష్ట్రం లాన్సింగ్‌లో రియో కంపెనీ తయారుచేసింది. నేను పుట్టింది 1971లో, ఇండియానా రాష్ట్రం సౌత్‌బెండ్‌లో, ఏఎం జనరల్ ఫ్యాక్టరీలో. స్టూడీబేకర్ నుంచి కైజర్ జీప్‌కూ, అక్కణ్ణుంచి వీళ్లకూ చేతులు మారిన ఫ్యాక్టరీ అది.

వియత్నాం యుద్ధం నేను చూడలేదు, మా పెద్దలు చూశారు. 1967 సెప్టెంబరు 2న ఆన్‌ఖే దగ్గర 19వ నంబరు రోడ్డు మీద శత్రువులు మాటువేసి మా లారీల వరసను తగలబెట్టారు. ఆ దెబ్బతో డ్రైవర్లే ఇసుక బస్తాలు, చెక్కలు, ఇనప రేకులు కట్టి, మెషిన్‌గన్లు బిగించి మావాళ్లను ‘గన్ ట్రక్కులు’గా మార్చేశారు. రేకుల బరువు పెరిగేకొద్దీ మావాళ్ల ఇంజను చాల్లేదు. తర్వాత ఆ పని అయిదు టన్నుల బండ్లకు వెళ్లింది. వాటిలో ఒకటి, నల్లరంగు ‘ఈవ్ ఆఫ్ డిస్ట్రక్షన్’, వర్జీనియాలోని ఫోర్ట్ యూస్టిస్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. మమ్మల్ని కోసి, అతికి, మార్చుకునే అలవాటు అభిరుచిగాళ్లతో మొదలు కాలేదని చెప్పడానికే ఇదంతా.

అమెరికా రిజర్వు సైన్యమైన నేషనల్ గార్డులో నా ఉద్యోగం చప్పగా గడిచింది. కవాతులు, వరదలొస్తే జనాన్ని దాటించడం, మిగతా రోజులు షెడ్డులో నిలబడటం. కొత్త తరం ట్రక్కులు వచ్చాక వేలంలో నిలబెట్టారు. ఒక రైతు కొన్నాడు. చాలాకాలం కట్టెలు మోశాను. ఆయన తర్వాత ఇప్పటి కుర్రాడు.

ఇక నా ఇంజను. గర్వం అనుకున్నా సరే, కాస్త వివరంగా చెప్తాను. ఆరు సిలిండర్లు, సుమారు 7.8 లీటర్లు, టర్బోతో 130 హార్స్‌పవర్ దాకా. పిస్టన్ తలలో గుండ్రటి గుంట ఉంటుంది. ఇంధనాన్ని గాల్లోకి కాకుండా ఎక్కువభాగం ఆ గుంట గోడకే చిమ్ముతారు. వేడిగోడ మీద అది పలచటి పొరగా పరుచుకుని, ఆవిరై, నిదానంగా మండుతుంది. ఈ పద్ధతి జర్మనీలోని మ్యాన్ కంపెనీది. మీ భారత సైన్యం కోసం 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్ లారీలకు లైసెన్సు ఇచ్చింది కూడా ఆ కంపెనీయే. ఆ రకంగా మీ శక్తిమాన్ నాకు దూరపు చుట్టం.

ఈ ఏర్పాటు వల్ల డీజిల్, కిరోసిన్, విమాన ఇంధనం, ఏది వడ్డించినా పెళ్లివారింట వంకపెట్టని చుట్టంలా పుచ్చుకుంటాను. గతిలేకపోతే పెట్రోలు కూడా. ఇది విన్నవాళ్లంతా వంటనూనె, వాడేసిన ఇంజనాయిలు డబ్బాలతో తయారవుతారు. నేను తాగుతాను, కాదనను. కానీ దాన్ని వడకట్టి, నీళ్లు తేర్చి, డీజిల్‌లో కలిపి పోయాలి. లేకపోతే ముందు ఫిల్టర్లు మూసుకుపోతాయి, తర్వాత ఇంజెక్షన్ పంపు పోతుంది. ఊరికే వచ్చిన నూనె కోసం పంపు పోగొట్టుకున్న మావాళ్లు చాలామంది.

మా కుర్రాడికి పంపు స్క్రూ తిప్పి పవరు పెంచాలని సరదా. పెంచాడు. కానీ ఎగ్జాస్ట్ వేడి చూపే మీటరు ముందుగా బిగించాడు కాబట్టి బతికిపోయాను. నిమిషానికి 2,600 చుట్లు దాటించి పరిగెత్తిస్తే మా కనెక్టింగ్ రాడ్లు ఊరుకోవు, బ్లాకు పగలగొట్టుకుని బయటికొస్తాయి.

వెనక ఇరుసుల్లో ఒకటి పీకేసి, ఛాసిస్ కోసి, మమ్మల్ని పొట్టిగా చేసేవాళ్లున్నారు. దాన్ని ‘బాబ్’ చేయడం అంటారు. సందుల్లో తిరగడానికి బాగుంటుందిట. పది చక్రాలతో పుట్టినదాన్ని, నాకు రుచించదు. జంట టైర్లు తీసి వెడల్పాటి ఒంటి టైర్లు వేయడం మాత్రం ఒప్పుకుంటాను. బురదలో నిజంగానే పనికొస్తుంది. పాత రిమ్ములకు గాలి పట్టేటప్పుడు మాత్రం ఇనప పంజరంలో పెట్టి పట్టండి. లాక్ రింగు ఊడి ఎగిరితే మనిషి మిగలడు.

నాలో ఉన్న అసలు లోపం ఇంకోటి. పెడల్ తొక్కితే బ్రేకాయిలు కదులుతుంది, గాలి పీడనం దానికి బలం ఇస్తుంది. గాలి పోయినా గట్టిగా తొక్కితే ఎంతో కొంత ఆగుతాను. ఆయిలు పోతే మాత్రం గతి లేదు. మూడు ఇరుసులకూ మాస్టర్ సిలిండర్ ఒకటే, ఆయిలు దారి ఒకటే. ఎక్కడో ఒక చక్రం దగ్గర రబ్బరు చిరిగితే మొత్తం బ్రేకులన్నీ పోతాయి. కట్టెల లోడుతో వాలు దిగుతుంటే నాకు అదే జరిగింది. పెడల్ నేలకంటుకుంది. రైతు చిన్న గేరులో దిగుతున్నాడు కాబట్టి ఇంజనే నన్ను పట్టి ఉంచింది. చేతి బ్రేకు ఉంది కానీ, అది చక్రాలకు కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టుకు. నిలబడ్డ బండిని పట్టి ఉంచడానికి తప్ప, పరిగెత్తే ఆరు టన్నుల ఇనుమును ఆపడానికి కాదు. అయినా లాగాడు. పొగలొచ్చాయి. పల్లంలో ఆగాను.

కుర్రాడు నన్ను కొన్నాక రంగు వేయలేదు, ఎత్తు పెంచలేదు. సైన్యం అచ్చేసిన మాన్యువల్ ముందేసుకుని, వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు అన్నీ మార్చి, రెండు దారుల మాస్టర్ సిలిండర్ బిగించాడు. స్క్రూ తిప్పడం ఆ తర్వాతే. అందుకే వాణ్ణి క్షమించాను.

నాలాంటి బండి కొనబోయేవాళ్లకు ఒక్క మాట. వేలంలో ఇంజను మోత విని మురిసిపోకండి. కిందకు దూరి ప్రతి చక్రం లోపలివైపు తడి ఉందేమో చూడండి. ఇంటికి నడుపుకుంటూ కాదు, ట్రైలరు మీద తీసుకెళ్లండి. మొదటి డబ్బు బ్రేకుల మీద పెట్టండి. రైలు హారను తర్వాత కొనుక్కోవచ్చు.