వేలిముద్రల కాలనీ

హైదరాబాద్ ఏ.ఎస్. రావు నగర్‌లో చదువురాని మగాడు దొరకాలంటే దీపం పెట్టి వెతకాలి. 1967లో పుట్టిన ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరు పెట్టుకున్న కాలనీ ఇది. దేశంలో తొలినాటి సొంత కంప్యూటర్లలో ఒకటైన టీడీసీ-12 బయటికొచ్చింది ఆ కంపెనీ నుంచే. అంతటి చోట రిటైరైన ఇంజినీర్లూ, వాళ్ల సాఫ్ట్‌వేర్ కొడుకులూ కలిసి ఇవాళ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చేస్తున్న పనేమిటయ్యా అంటే, నిశానీ వేయడం. సంప్ కడిగించాలా? బొటనవేలు. లిఫ్ట్ ఆగిపోయిందా? బొటనవేలు. మూడో అంతస్తు పెద్దాయన పోయారా? కాసేపు ఆలోచించి, దండం.

ఈ వేలిముద్ర బ్యాచే మళ్లీ సాయంత్రం పార్కు బెంచీ మీద కూర్చుని, 'ఈ ఆడవాళ్లకి బొమ్మలు లేందే మెసేజ్ రాదండీ' అని నవ్వుకుంటుంది.

ఎందుకు రాదో చూద్దాం. 'ట్యాంకు పొంగిపోతోంది, మోటర్ ఆపండి' అని రెండో అంతస్తు ఆవిడ పెట్టింది. ఉన్నమాటే. ఐదు నిమిషాలు తిరక్కుండా, 'ఏంటమ్మా, అంత కోపమెందుకు?' అని ఒకాయన. 'గ్రూపులో కాస్త మర్యాద పాటిద్దాం' అని ఇంకొకాయన. మోటర్ మాత్రం ఎవరూ ఆపలేదు. మర్నాటి నుంచీ ఆవిడ బాణీ మారింది. 'అన్నయ్యగారూ, ఏమీ అనుకోకపోతే కాస్త మోటర్ ఆపుతారా' అని, దాని వెనకాల ఒక నవ్వుమొహం, ఒక దండం, ఒక గులాబీ. అదే సంగతి ఆ అన్నయ్యగారు 'మోటర్ ఆఫ్' అని రెండు ముక్కల్లో విసిరితే అది క్రమశిక్షణ! ఆడమనిషి నోరు తెరిచినందుకు కట్టే సుంకమే ఆ గులాబీ. కట్టించుకునేదీ వీళ్లే, ఎందుకు కడుతున్నారని వెక్కిరించేదీ వీళ్లే.

ఇక గుండెకాయల లెక్క వేరే. ఆఫీసులో సాయం చేసిన మగవాడికి థ్యాంక్స్ చెప్పాలంటే ఆడమనిషి రంగులు ఎంచుకోవాలి. ఎర్రది పెడితే కథ అల్లుతారు. పసుపు పర్వాలేదా? ఆకుపచ్చ? ఎందుకొచ్చిన గొడవలే అని దండంతో సరిపెడుతుంది. ట్యాంకర్ డబ్బులడిగితే బొటనవేలు తప్ప మరో బొమ్మ తెలియని పెద్దమనిషికి మాత్రం, రాత్రి పదకొండు దాటాక ఒకావిడ డీపీ మారిందని తెలియగానే గులాబీలూ, నిప్పుమంటలూ, కళ్లల్లో గుండెలున్న మొహాలూ అన్నీ చేతికందుతాయి. నిలదీస్తే 'వేలు తగిలిందండీ.' పాపం, ఆ వేలు ఎప్పుడూ అటే తగులుతుంది.

ఈ ఎమోజీ బొమ్మల పెట్టె కూడా మొదట మగవాళ్ల వైపే మొగ్గింది. 1999లో జపాన్‌లో షిగెతాకా కురితా గీసినవి 176 చిన్న బొమ్మలు, ఒక్కోటి 12 చుక్కల వెడల్పు, 12 చుక్కల ఎత్తు. 2010లో యూనికోడ్ ఎమోజీలకు ప్రమాణం కట్టాక ఫోన్లలో పోలీసూ, హెల్మెట్ పెట్టుకున్న పనివాడూ మీసాలకే దక్కారు. ఆడవాళ్లకు పెళ్లికూతురు, రాకుమారి, జుట్టు కత్తిరింపు, గోళ్లరంగు. డాక్టరమ్మ, టీచరమ్మ, సైంటిస్టమ్మ రావడానికి 2016 దాకా ఆగాల్సొచ్చింది. మన గ్రూపుల్లో వాళ్లిప్పటికీ మార్చి 8న వచ్చి 9న వెళ్లిపోతారు.

బొటనవేలి మహిమ కోర్టుల దాకా పోయింది. కెనడాలో ఒక రైతు, అవిసె గింజల ఒప్పందం ఫొటోకి బొటనవేలు పెట్టి ఊరుకున్నాడు. అది సంతకమేనని 2023లో సస్కాచివాన్ జడ్జిగారు తేల్చి, 82 వేల డాలర్ల పైచిలుకు కట్టమన్నారు. ఇక్కడ మద్రాసు హైకోర్టు 2024లో, ఒక రైల్వే రక్షణ దళం కానిస్టేబుల్ కేసులో, బొటనవేలంటే 'చూశాను' అని కూడా కావచ్చంది. మన మగవాళ్లు ఏ తీర్పు కింద కాపురం చేస్తున్నారో చెప్పాలా? 'బాబుకి జ్వరం. వచ్చేటప్పుడు రాధిక చౌరస్తాలో సిరప్, పాలు, కొత్తిమీర తెండి' అని భార్య పెడుతుంది. బొటనవేలు వస్తుంది. రాత్రి ఆయన వస్తాడు, చేతులూపుకుంటూ. 'చూశానన్నాను గానీ, తెస్తానన్నానా?' ఇలాంటివాళ్లను సస్కాచివాన్‌కు ఈడ్చాలి, అవిసె గింజల రేటు కట్టించాలి.

ఓటింగ్ యంత్రాలు చేసేవాళ్లలో మన ఈసీఐఎల్ కూడా ఉంది కదా. అక్కడ వేలితో నొక్కితే బీప్ మంటుంది, వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది. మొగుడి బొటనవేలికి ఆ ఏర్పాటూ లేదు.

ఈ నెల ట్రెజరర్ బాధ్యత ఒకావిడకి అప్పగించారు. మెయింటెనెన్స్ బాకీల జాబితా గ్రూపులో పెట్టింది. ఫ్లాట్ నంబరు, మొత్తం, గడువు తేదీ, అంతే. నవ్వుమొహం లేదు, దండం లేదు, పువ్వు లేదు. ఏళ్ల తరబడి వేలు తప్ప ఏదీ కదపని ఒకాయన మొట్టమొదటిసారి పూర్తి వాక్యం టైప్ చేశాడు: 'మేడమ్, అడిగే పద్ధతి ఇది కాదు.' జాబితాలో మొదటి ఫ్లాట్ ఆయనదే. ఆయన మాట కింద టపటపా పడ్డాయి, మిగతా బాకీదార్ల బొటనవేళ్లు.