శకటవాస సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం

"మేము నగరాన్ని వదిలి, బస్సునే ఇల్లు చేసుకొని, బస్తర్ పల్లెలో కొన్నాళ్ళు స్థిరపడి, నెమ్మదిగా బతకడం నేర్చుకుంటున్నాము."

అవతారిక

ఈ వాక్యానికి కర్త ఫలానా అని చెప్పడానికి లేదు. పాత బస్సు కొని, సీట్లు పీకించి, మంచాలూ గ్యాసు పొయ్యీ బిగించుకుని దేశం మీద పడ్డ కుటుంబాలన్నీ బస్తర్‌లోని చిత్రకోట్ జలపాతం దగ్గరికి చేరేసరికి ఇంచుమించు ఈ మాటే అంటున్నాయి. వేదానికి ఋషులు అనేకులు, సూక్తాలూ అనేకం. ఇక్కడ ఋషులు అనేకులు, సూక్తం ఒక్కటే. పాఠభేదాలు స్వల్పం. కొందరు "బతకడం" అన్నచోట "జీవించడం" అంటారు. వాళ్ళ బస్సులో ఏసీ ఉంటుంది.

కొలిచెలమ మల్లినాథసూరి వ్యాఖ్యానం మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయనన్నాడు, అక్కర్లేనిది చెప్పనన్నాడు. మెతుకుసీమ పండితుడు, మాట మీద నిలబడ్డాడు. ఈ వ్యాఖ్యాత ఆ నియమంలో మొదటి సగానికే కట్టుబడతాడు.

ప్రతిపదార్థం

మేము: స్పష్టం.

నగరాన్ని వదిలి: స్పష్టమే. "ఫ్లాటు అద్దెకిచ్చి" అని అధ్యాహారం చేసుకోవాలి.

బస్సునే ఇల్లు చేసుకొని: ఇక్కడ శాస్త్రప్రమాణం ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట చెప్పినవాటికి భిన్నమయ్యేలా బండి రూపం మార్చడానికి యజమానికి స్వేచ్ఛ లేదు. ముందు అనుమతి తెచ్చుకోవాలి. దాని కోసం ఆర్టీవో ఆఫీసు చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేశారో మూలకర్తలు కాండలకొద్దీ వర్ణిస్తారు. ఆ ఓపికకు నమస్కారం. అనుమతి అనే ఈ వస్తువుతో వ్యాఖ్య చివర పనుంది, పాఠకులు పక్కన పెట్టుకోవాలి.

కొన్నాళ్ళు స్థిరపడి: విరోధాభాసాలంకారం. కొన్నాళ్ళుండేవాడు స్థిరపడడు, స్థిరపడ్డవాడు కొన్నాళ్ళకు పోడు. అయితే బస్తర్‌లోనే ఈ విరోధానికి పరిహారం దొరికిన సందర్భం ఒకటుంది. అది మన తెలుగు కుటుంబానిదే కాబట్టి కొంచెం విస్తరించక తప్పదు.

విశేషాంశం

1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల వశమైంది. ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. ఆయన తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి, అడవి పట్టి, బస్తర్‌లో రాజ్యం నిలిపాడని అక్కడి రాజవంశం చెప్పుకుంది. ఉత్త కథ అని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఆ వంశపు రాజు దిక్పాలదేవుడు 1703లో వేయించిన దంతెవాడ శాసనం ఆ వంశాన్ని ఓరుగల్లు కాకతీయులతోనే కలుపుతుంది. సంఘటనకూ శాసనానికీ నడుమ 380 ఏళ్ళున్నాయి కదా అని పూర్వపక్షం. ఉన్నాయి. నిన్న రాత్రి భోజనం గురించి బస్సువాసులు ఈవేళ చెప్పేదానికన్నా అది నమ్మదగినదేనని సిద్ధాంతం.

ఆ ప్రయాణం గురించి జనం చెప్పుకునే కథ ఇంకా బాగుంటుంది. దంతేశ్వరి అమ్మవారు అన్నమదేవుడితో, "నువ్వు ముందు నడువు, నేను వెనక వస్తాను. నా అందెల చప్పుడు వినబడుతూనే ఉంటుంది. ఎంత దూరం నడిస్తే అంత మేరా నీ రాజ్యం. వెనక్కి మాత్రం తిరిగి చూడకు" అందట. నడిచాడు. శంఖిని, డంకిని నదులు కలిసేచోట ఇసుకలో అమ్మవారి పాదాలు దిగబడి చప్పుడు ఆగిపోయింది. అతను తిరిగి చూశాడు. అమ్మవారు అక్కడే నిలిచిపోయింది. దంతెవాడ గుడి ఆ సంగమం దగ్గరే ఉంది.

ఇక్కడొక శంక. అంత గట్టిగా చెప్పినా ఎందుకు చూశాడు? అమ్మవారు ఆగిపోయిందేమోనన్న భయంతో అని కథకులు సమాధానం చెబుతారు. ఈ వ్యాఖ్యాతకు అది చాలదు. వెనక ఓరుగల్లు ఉంది. కాలిపోయిన ఊరి నుంచి నడిచి వచ్చేవాడికి వెనక్కి చూడటానికి అమ్మవారి అందెలు ఒక వంక మాత్రమే. తనంతట తాను బయల్దేరినవాడు ముందుకే చూస్తాడు, తరిమితే బయల్దేరినవాడు తిరిగి చూస్తాడు. ఈ భేదం లక్షణగ్రంథాల్లో లేదు, ఉండాల్సింది.

ఇక బస్తర్ దసరా. 75 రోజుల పండుగ, అందులో రావణవధ ఊసే లేదు. అంతా దంతేశ్వరి కోసం. నవరాత్రులకు ముందు వచ్చే అమావాస్య నాడు జగదల్‌పుర్‌లో మిర్గాన్ కులానికి చెందిన ఒక చిన్నపిల్లను ముళ్ళ ఊయల మీద పడుకోబెడతారు. కాఛిన్ దేవి ఆ పిల్ల మీదికి వస్తుందని నమ్మకం. రాజకుటుంబం వాళ్ళు వచ్చి, పండుగ చేసుకోమంటావా తల్లీ అని అడుగుతారు. ఆ పిల్ల సరేనంటేనే ముందుకు సాగుతుంది. 1948లో రాజ్యం భారతదేశంలో కలిసిపోయింది. తల్లి వైపు నుంచి కాకతీయుడైన చివరి రాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ 1966 మార్చి 25న తన రాజమహలులోనే పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. రాజ్యం పోయినా, రాజు పోయినా, అడగడం మానలేదు. దాదాపు ఏడు వందల ఏళ్ళ కింద వచ్చిన కుటుంబం ఇప్పటికీ ఏటేటా ఆ గడ్డకు చెందిన పిల్లను అడుగుతోంది.

మూలానికి వద్దాం. బస్సు ఇంకా అక్కడే ఉంది.

నెమ్మదిగా: వ్యాఖ్యాతకు ఓపిక నశించే పదం ఇదే. బస్తర్ పల్లె నెమ్మదిగా ఉంటుందని వీళ్ళకు ఎవరు చెప్పారు? ఎండలు ముదిరే వేళ ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. పశువులు నోరు పెట్టకముందే, ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి. ఆ వెనకే తునికాకు. కోత సాగేది కొద్ది వారాలే. కోసిన ఆకును యాభై చొప్పున కట్ట కట్టి కల్లానికి చేర్చాలి. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024 నుంచి దానికి ఇస్తున్నది 5,500 రూపాయలు. భాగహారం చేస్తే ఆకుకు 11 పైసలు. 11 పైసల ఆకును నెమ్మదిగా కోసి బతికేవాళ్ళు ఎవరో మూలకర్తలే చూపించాలి. బస్సు మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నవాళ్ళకు ఎదురుగా పోతున్న మనిషి తాపీగా నడుస్తున్నట్టు కనబడుతుంది. ఆమె తల మీద మూట ఉంది.

నేర్చుకుంటున్నాము: స్పష్టం. నేర్పినవాళ్ళ పేర్లు మూలంలో లేవు.

రసవిచారం

ఎర్రచీమల చట్నీ నాలుక్కి రాసుకుని మొహం చిట్లించడం హాస్యం. జీలుగు కల్లు తాగి చెట్టును కొనియాడటం శృంగారం. సంతలో కోడిపందెం చూడటం వీరం. జలపాతం అద్భుతం. సాయంత్రం నెట్‌వర్క్ అందకపోవడం భయానకం. చివర్లో కళ్ళు మూసుకుని కూర్చోవడం శాంతం. కరుణ మాత్రం ఈ కావ్యంలో లేదు. అది గోదావరికి ఇవతల, మన వైపు ఉంది.

తాత్పర్యం

అదే బస్తర్ ప్రాంతం నుంచి ఏటా మిరప కోతల వేళ కుటుంబాలు కుటుంబాలే ట్రాలీలెక్కి ములుగు, భూపాలపల్లి, కొత్తగూడెం, ఖమ్మం చేలకు వస్తాయి. చేను గట్టున ప్లాస్టిక్ పట్టా కప్పుకుని కోతలయ్యేదాకా ఉంటాయి. బండెక్కి వచ్చిన కుటుంబం, పల్లె, కొన్నాళ్ళ కాపురం, ఆరుబయట వంట, అన్నీ మూలంలో ఉన్నట్టే. వాళ్ళ పొయ్యిని మాత్రం ఎవరూ వీడియో తీయరు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ పడ్డాక, ములుగు జిల్లా పేరూరు మిరప చేల నుంచి బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి నడిచిపోతున్న పన్నెండేళ్ళ అమ్మాయి, ఊరు ఇక కొంచెం దూరమే ఉందనగా చనిపోయింది.

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వం అండతో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్ళకు ఊళ్ళే చెదిరి వేలమంది ఇటు వచ్చారు. వాళ్ళనే మనం గొత్తికోయలంటున్నాం. గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడటం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. తీర్పుతో ఊళ్ళు తిరిగి లేవలేదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికే అటవీ భూమి మీద ఉన్న గిరిజనులకు హక్కు ఇస్తుంది. తరమడం ఆ తేదీ దగ్గర ఆగలేదు, హక్కు ఆగింది. అందుకే గొత్తికోయలు వేసుకున్న గుడిసెలను అటవీ శాఖ సిబ్బంది ఎన్నోసార్లు పీకేశారు. ఇంటి అద్దె వస్తుండగా చెట్టు కింద బస్సు పెట్టుకుంటే జీవనవిధానం, ఇల్లు కాలి చెట్టు కింద గుడిసె వేసుకుంటే ఆక్రమణ. ఈ విరోధానికి ఏ అలంకారశాస్త్రంలోనూ పరిహారం లేదు.

చివరిగా ఒక వ్యాకరణ దోషం. మూలంలో క్త్వార్థకాలు మూడు: వదిలి, చేసుకొని, స్థిరపడి. నాలుగోది ఉండాల్సింది, "అడిగి." బస్తర్ రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉన్న గిరిజన ప్రాంతం. అక్కడ గ్రామసభ మాటకు విలువ ఇవ్వాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. బస్సుకు కిటికీ పెట్టడానికి ఆర్టీవోను అడిగినవాళ్ళు ఆ బస్సును ఊళ్ళో పెట్టడానికి ఊరినెందుకు అడగరు?

ఫలశ్రుతి

బస్తర్ వెళ్ళదలచినవారు ఇంజను ఆపకముందే ఊరిపెద్దలను అడగండి, వద్దంటే మారు మాటాడకుండా బండి తిప్పండి. వెళ్ళలేనివారు మిరప కోతలప్పుడు మీ ఊరి చేల వైపు ఒకసారి నడవండి. గట్టు మీద పట్టాల కింద ఉంటున్నవాళ్ళకు తాగునీళ్ళు ఎక్కణ్ణుంచి తెప్పిస్తున్నారో, కూలి లెక్క ఎవరి చేతిలో ఉందో ఆ చేను ఆసామిని అడగండి.