బంగారు లేడికి వారంటీ

చూడగానే నచ్చింది, అదే కావాలి అని అడిగితే ఏమవుతుందో మా ఊరికి తెలిసినంతగా ఇంకే ఊరికీ తెలియదు. మాది పర్ణశాల. బంగారు లేడి కనబడింది ఇక్కడేనంటారు. సీతమ్మవారు నారచీరలు ఆరేసిన రాళ్ళు సీతవాగులో చూపిస్తారు, రావణుడు రథం ఆపిన గుట్ట గోదావరి అవతలి ఒడ్డున ఉందంటారు. వచ్చిన యాత్రికులు అన్నీ చూసి, "ఆ తల్లి లేడిని అడక్కపోయినా పోయేది" అని నిట్టూర్చి, బయటికొచ్చి బొమ్మల కొట్లో పిల్లాడు వేలు చూపించిందల్లా కొనిచ్చి బస్సెక్కుతారు.

ఇలాంటి ఊళ్ళో ఉండి నేను బిజినెస్ ల్యాప్‌టాప్ కొనడానికి పూనుకున్నాను. నాది లెక్కలు రాసే పని. దుమ్ముగూడెం, చర్ల దారిలో ఎరువుల కొట్లవాళ్ళు, మిర్చి కొనేవాళ్ళు, సిమెంటు అమ్మేవాళ్ళు నెలంతా నన్ను మరిచిపోయి, 11న జీఎస్టీఆర్-1 గడువుకీ 20న 3బి గడువుకీ బిల్లుల సంచులతో ఊడిపడతారు. ఆ రోజుల్లో నా పాత ల్యాప్‌టాప్ ట్యాలీ తెరిచేలోపు టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించొచ్చు. పైగా విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. 11 వేద్దామంటే పాత ప్రాసెసర్ అర్హతల్లో తప్పింది.

కొత్తగూడెంలో ఉండే మా బామ్మర్ది సలహా చెప్పాడు. "షోరూముకి పోకు బావా. వాళ్ళ దగ్గరున్నదే అంటగడతారు. ఆన్‌లైన్లో అయితే నీక్కావలసినట్టు నువ్వే చేయించుకోవచ్చు. మాట్లాడేవాడూ ఉండడు, మాయచేసేవాడూ ఉండడు."

మాట్లాడేవాడు ఉండడన్నది మాత్రం అక్షరాలా నిజం.

వెబ్‌సైట్లో మొదట కనిపించేది మొదలు ధర. చివరి ధర మన వేలి చలవ. అల్ట్రా 5 ప్రాసెసర్ ఒకటుంది, పక్కనే ఇంకో అల్ట్రా 5 ఉంది, రెండింటికీ తేడా పేరులో ఒక అంకె, ధరలో తొమ్మిది వేలు. ర్యామ్ దగ్గర 16 మీద నొక్కాను, ధర ఒక్క గెంతు గెంతింది. కొన్ని సన్నపాటి మోడళ్ళలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డరింగ్ చేసేస్తారు, తర్వాత పెంచుకోవడం కుదరదు. ఇంత ముఖ్యమైన సంగతి ఉన్నది అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. వీప్రో కావాలా అని అడిగింది. వందల కంప్యూటర్లున్న కంపెనీలో ఎక్కడో కూర్చున్న ఒక మనిషి అన్నింటినీ దూరం నుంచే చక్కదిద్దడానికి ఇంటెల్ చేసిన ఏర్పాటట అది. మా ఆఫీసులో ఉన్నదే ఒక్క కంప్యూటరు. దూరం నుంచి చక్కదిద్దే పని మా ఆవిడ వంటింట్లోంచి ఎప్పుడో మొదలెట్టింది.

వేలిముద్ర కావాలా? మిరపకాయలు కోసిన వేళ్ళను రేషన్ షాపు మిషనే ఒప్పుకోక సతాయిస్తుంటే చూస్తున్నాం, వద్దన్నాను. సిమ్ కార్డు సౌకర్యానికి "డబ్ల్యూవాన్ రెడీ" అని ఒక గడి ఉంది. సగం రాత్రి చదివితే తేలిందేమిటంటే, అందులో యాంటెన్నా తీగలుంటాయి, మోడెం కార్డు ఉండదు. పందిరి రెడీ, భజంత్రీలు రెడీ, పెళ్ళికొడుకు విడిగా కొనుక్కోవాలి.

ఇక మిలిటరీ పరీక్ష. ఎంఐఎల్-ఎస్‌టీడీ-810హెచ్ అనే అమెరికా సైన్యపు ప్రమాణం ప్రకారం దుమ్ము, తేమ, కుదుపు, వేడి, చలి అన్నీ తట్టుకుంటుందని గర్వంగా రాశారు. ఆ ప్రమాణంలో బూజుకి కూడా ఒక పరీక్ష ఉంది. కోతికి లేదు. మా ఊరి గుడి దగ్గర కోతి లాక్కున్న వస్తువును ఏ సైన్యమూ వెనక్కి తేలేదు.

ఇన్ని ప్రశ్నలు వేసిన వెబ్‌సైటు, అయ్యా తమరు చేసే పనేమిటి అని మాత్రం అడగలేదు.

నిజానికి కావలసినట్టు చేయించుకోవడం మనకేం కొత్త కాదు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే సీటీసీకి, చీటీ పట్టుకుని పోయి అసెంబుల్డ్ సిస్టం చేయించుకోని ఇల్లుందా? కౌంటర్ మీద మదర్‌బోర్డు పెట్టి, స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకుని, "ఈ క్యాబినెట్ వద్దన్నా, గాలాడదు" అని మనల్ని మందలించేవాడు కుర్రాడు. కాన్ఫిగరేషనూ, సేల్స్‌మ్యానూ, సర్వీసూ అన్నీ వాడే. 1984లో టెక్సస్ యూనివర్సిటీ హాస్టలు గదిలో వెయ్యి డాలర్లతో మైకేల్ డెల్ మొదలెట్టిందీ ఇదే వ్యాపారం, నడుమ దుకాణదారు లేకుండా. 1996లో ఆయన దాన్ని ఇంటర్నెట్‌కి ఎక్కించాడు. తమాషా ఏమిటంటే, కొట్లు లేకుండా కోట్లు గడించిన ఆ కంపెనీయే 2007లో వాల్‌మార్ట్ అరల్లో కూడా సరుకు పెట్టింది. పెట్టెను చేత్తో ఎత్తి చూసుకుని గానీ కొనని జనం అమెరికాలోనూ ఉన్నారన్నమాట.

ఆ ధైర్యంతో ఖమ్మం పోయాను. వైరా రోడ్డులో ఒక షోరూము, పేరెందుకులెండి. తలుపు తీయగానే చల్లగాలి, "రండి సార్, కూర్చోండి సార్", ప్లాస్టిక్ కప్పులో టీ. ఇందులో ఒక్కటీ వెబ్‌సైటు ఇవ్వలేదు, ఒప్పుకోవాలి. కుర్రాడు అడిగాడు కూడా: "ఏం పనికి సార్?"

నా కళ్ళు చెమర్చినంత పనైంది. ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్ అని వివరంగా చెప్పాను. శ్రద్ధగా విని, కీబోర్డు కింద ఎర్ర దీపాలు వెలిగే గేమింగ్ ల్యాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాడు.

"ఇది ఆటలది కదా బాబూ. నేనడిగింది బిజినెస్ ల్యాప్‌టాప్."

"బిజినెస్ మీది సార్, ల్యాప్‌టాప్ ఏదైతే ఏముంది. స్టాకులో ఇదొక్కటే ఉంది. బ్యాగూ మౌసూ ఫ్రీ. ర్యామ్ తర్వాత వేయించుకోవచ్చు."

తర్వాత వేయించుకోవడానికి అందులో స్లాటుందా అంటే, "అది సర్వీసోళ్ళు చూస్తారు సార్" అన్నాడు. చెప్పిందంతా వింటాడు, గోడౌనులో ఉన్నదే ఇస్తాడు. టీ మాత్రం బాగుంది.

మూడో దారి ఒకటుందని ఎక్కువమందికి తెలియదు. కంపెనీ వెబ్‌సైట్లోనే ఒక మూల చిన్నవ్యాపారాలకని ఫోన్ నంబరుంటుంది. అక్కడ మనిషి ఉంటుంది. నాకు తగిలినావిడ బెంగళూరు నుంచి మాట్లాడింది, తెలుగు వచ్చు.

"నమస్తే సర్, ఎన్ని యూనిట్లు కావాలి?"

"ఒకటమ్మా."

అవతల కాసేపు నిశ్శబ్దం. "సరే సర్. మీ ఐటీ డిపార్ట్‌మెంట్‌తో ఒకసారి మాట్లాడొచ్చా?"

ఈ వృత్తిలో ఐటీ డిపార్ట్‌మెంట్ అంటే నోటీసు అని అర్థం. గుండె గుభేల్మంది. కంప్యూటర్లు చూసుకునే మనుషుల గురించి అడుగుతోందని తెలిశాక, అది కూడా నేనేనని చెప్పి ఊపిరి పీల్చుకున్నాను.

నేను రాత్రుళ్ళు కూర్చుని కట్టిన కాన్ఫిగరేషన్ అంతా చదివి వినిపించాను. ఆవిడ ఒక్కొక్కటే కొట్టేయడం మొదలెట్టింది. వీప్రో మీకు అక్కర్లేదు సర్. స్మార్ట్‌కార్డు ఎందుకు సర్? సిమ్ బదులు ఫోన్ హాట్‌స్పాట్ చాలు. కరెంటు పోతుంటుందా? అయితే పెద్ద బ్యాటరీ పెట్టుకోండి. వెబ్‌సైట్లో దేన్ని నొక్కినా ధర పైకే పోతుంది. అమ్మే మనిషి నోట "ఇది వద్దు" అన్న మాట విని ఎన్నాళ్ళయిందో! ఆఖరికి పంపిన కొటేషన్ వెబ్‌సైటు ధరకన్నా తక్కువే వచ్చింది. బిజినెస్ మోడళ్ళకు వెబ్‌సైట్లో కనిపించేది చాలాసార్లు బేరానికి ముందు ధర. మా చర్ల సంతలో ఈ సూత్రం చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇంకో మంచిపని కూడా చేసింది. ఇన్‌వాయిస్ మీద జీఎస్టీ నంబరు సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చదివించింది. ల్యాప్‌టాప్ మీద పన్ను 18 శాతం. లక్ష రూపాయల వస్తువైతే పద్ధెనిమిది వేలు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొచ్చే డబ్బు. ఆన్‌లైన్లో తొందరపడి ఆ గడి ఖాళీ వదిలేసి, తర్వాత "సార్, ఏదన్నా చెయ్యండి" అంటూ నా దగ్గరికొచ్చే వ్యాపారులు ఉన్నారు. నేనేం చేయగలను, సానుభూతి మీద క్రెడిట్ రాదు.

మిగిలింది డెలివరీ. భద్రాచలం రోడ్ అనే రైల్వే స్టేషను కొత్తగూడెంలో ఉంటుంది, భద్రాచలానికి 40 కిలోమీటర్ల దూరాన. మా జిల్లా 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం, కొరియరువాళ్ళ కంప్యూటర్లో ఇంకా ఖమ్మమే. భద్రాచలం నుంచి మా ఊరు మరో 35 కిలోమీటర్లు. ఆ దారి ఎటపాక మీదుగా వస్తుంది. 2014లో ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది, మా మండలం తెలంగాణలో ఉండిపోయింది. అంచేత తెలంగాణలోని భద్రాచలంలో బయలుదేరిన పార్సిల్ ఆంధ్రలోకి పోయి మళ్ళీ తెలంగాణలోకి రావాలి. సరిగ్గా ఎటపాకలో డెలివరీ కుర్రాడు బండాపి ఫోన్ చేశాడు.

"సార్, అడ్రసులో తెలంగాణ అనుంది. ఇక్కడ ఆంధ్రా బోర్డుంది. వెనక్కి తిప్పమంటారా?"

జటాయువు కూలిపడింది అక్కడేనంటారు, ఆయన పేరుమీదే ఆ ఊరు వెలిసిందని కూడా. సీతమ్మ విషయంలో ఆయన అంత పోరాడాడు, నా ల్యాప్‌టాప్‌ను కూడా అదే చోట ఆపాలా? "నాయనా, ఆ బోర్డు పట్టించుకోకు, తిన్నగా వచ్చేయ్, మళ్ళీ తెలంగాణ వస్తుంది" అని బతిమాలి దారి చెప్పాను.

వచ్చింది, బాగానే పనిచేస్తోంది. ట్యాలీ తెరిచేలోపు టీ కాదు కదా, గ్లాసు కూడా అందడం లేదు.

వారంటీ కాగితం మీద "మరుసటి పనిదినాన ఇంటికే ఇంజినీరు" అనుంది. ఆ మాటకు కింద ఇంకో మాటుంది, ఊరిని బట్టి మారవచ్చని. నీళ్ళు పడితే మామూలు వారంటీ వర్తించదు, ప్రమాదాలకు వేరే ప్లాను కొనాలి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చింది, మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. అలాంటి వారంలో మా ఊరికి పడవ రావచ్చు గానీ ఇంజినీరు రాడు.

కాబట్టి కొనబోయేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. వెబ్‌సైట్లో తీరిగ్గా కూర్చుని అన్నీ నొక్కి చూసుకోండి, నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు. ఆ చీటీ పట్టుకుని మనిషితో మాట్లాడి కొనండి. డబ్బు కట్టేముందు మాత్రం రిపేరొస్తే వచ్చే ఇంజినీరు ఏ ఊళ్ళో ఉంటాడో అడిగి, ఆ ఊరి పేరు కొటేషన్ మీద రాయించుకోండి.